తెరమీది పనిముట్లు - రంగుల దిద్దుబాటు

గోదావరి డెల్టా రైతునకు రంగును చదువుట కొత్త విద్య కాదు. నారుమడి పచ్చదనము చూచి ఎరువు చాలినదో లేదో చెప్పును. వెన్ను రంగు చూచి కోత ఎన్నాళ్లలో పడునో చెప్పును. కాలువలో ఎర్రనీరు కనబడిన నాడు ఎగువన వరద తగిలినదని గ్రహించును. అయినను వ్యవసాయ శాస్త్రజ్ఞులు కంటి అంచనాతో తృప్తిపడక, ఆకు రంగు పట్టిక అను చిన్న కొలబద్దను రైతు చేతికిచ్చిరి. లేత పసుపుపచ్చ మొదలు ముదురు ఆకుపచ్చ వరకు వరుసగా పలకలు గల ఆ పట్టికపై వరి ఆకునుంచి, ఏ పలకతో సరిపోలునో చూచి, నత్రజని వేయవలసినదీ లేనిదీ నిర్ణయింతురు. ఆకును ఎండలో చూడక, తన నీడలో పట్టి చూడవలెనని కూడ చెప్పుదురు. ఏలననగా, వెలుగు మారినచో రంగు మారినట్లు తోచును.

ఈ వ్యాసమున చెప్పబోవు విద్యకును మూలసూత్రమదియే. నేడు డెల్టా గ్రామములలో అనేకమంది యువకులు పెండ్లిండ్లను, తీర్థములను, నాటకములను కెమెరాతో చిత్రించి, కంప్యూటరుపై కూర్చి, రంగులు దిద్ది జీవనము గడుపుచున్నారు. కొందరు గ్రాఫిక్స్ పని నేర్చి సినిమా సంస్థలలో చేరుచున్నారు. వీరిలో చాలమంది పక్కవాని చేతిని చూచి నేర్చినవారే. తెరమీది మీటలను అటునిటు జరిపి, చూపునకు బాగున్నచోట ఆపుదురు. ఆ పద్ధతితో కొంతదూరము పోవచ్చును గాని, ఒక తెరపై బాగున్న చిత్రము మరియొక తెరపై చెడిపోవుటకు కారణము మాత్రము తెలియదు.

మన సీమ, మన చిత్రములు

రంగుల చిత్రవిద్యకును గోదావరి సీమకును గల సంబంధము పాతది. 1936 లో రాజమహేంద్రవరమున దుర్గా సినీటోన్ స్టూడియో వెలసెను. కాకినాడకు చెందిన చిత్తజల్లు పుల్లయ్యగారు 1934 లో 'లవకుశ'ను నలుపు తెలుపులలో తీసిరి. తరువాత అదే కథను రంగులలో మరల ప్రారంభించిరి. వారి అస్వస్థత కారణమున కుమారులు సి. యస్. రావుగారు దానిని పూర్తిచేయగా, 1963 లో ఆ చిత్రము విడుదలయ్యెను. పూర్తిగా రంగులలో వచ్చిన తొలి తెలుగు చిత్రమది. పాలకొల్లులో పుట్టిన కోడి రామకృష్ణగారు 'అమ్మోరు' (1995), 'అరుంధతి' (2009) చిత్రములలో కంప్యూటరు గ్రాఫిక్స్‌కు పెద్దపీట వేసిరి.

ఫిల్ము కాలమున రంగుల దిద్దుబాటు లేబొరేటరీలో జరిగెడిది. ఫిల్మును ప్రింటు చేయు యంత్రమునందు ఎరుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు వెలుగులుండును. ఒక్కొక్క వెలుగును 1 మొదలు 50 వరకు గల అంకెలతో హెచ్చించుచు తగ్గించుచు, ప్రతి దృశ్యమునకు తగిన వెలుగును నిపుణుడు నిర్ణయించును. నేడు కంప్యూటరు తెరపై కనబడు రంగుల చక్రములు ఆ మూడు వెలుగులకు వారసులే.

రంగు అనగా మూడు అంకెలు

కంప్యూటరు తెరను భూతద్దముతో చూచినచో సన్నని ఎరుపు, ఆకుపచ్చ, నీలపు చుక్కలు కనబడును. ప్రతి రంగును ఈ మూటి పాళ్లతోనే ఏర్పడును. సాధారణ వీడియోలో ఒక్కొక్కదానికి 0 మొదలు 255 వరకు 256 మెట్లు కలవు. మూటిని కలిపి లెక్కించినచో 1,67,77,216 రంగులు వచ్చును. మూడును 0 అయినచో నలుపు, మూడును 255 అయినచో తెలుపు, మూడును సమానముగా నడుమ నున్నచో బూడిద రంగు. బ్లెండర్ వంటి కొన్ని సాఫ్ట్‌వేర్‌లలో 255 కు బదులు 1 అని వ్రాయుదురు. అప్పుడు సగము 0.5 అగును.

ఇచట ఒక జాగ్రత్త కలదు. 256 మెట్లు చాలినట్లే తోచును గాని, రంగును మిక్కిలి లాగినచో మెట్ల నడుమ సందులు పడును. సంధ్యాకాశము నునుపుగా ఉండక, చారలు చారలుగా కనబడుట ఇందువలననే. 10 బిట్ల వీడియోలో 1024 మెట్లు కలవు గనుక, దిద్దుబాటును అది బాగుగా తట్టుకొనును. కెమెరాలో ఆ సౌకర్యమున్నచో వాడుకొనవలెను.

తెరమీది పిడులు

సాఫ్ట్‌వేర్‌లో బొమ్మను జరుపుటకు, త్రిప్పుటకు, పెంచుటకు బొమ్మపైననే కొన్ని గీతలు, చుక్కలు, బాణములు కనబడును. ఇవి చేతితో పట్టుకొను పిడుల వంటివి. అంకెలను టైపు చేయుటకు బదులు, మౌస్‌తో ఈ పిడిని లాగినచో పని జరుగును. ఎవరైనను ఉచితముగా దించుకొనదగిన బ్లెండర్‌లో ఎర్ర బాణము అడ్డముగను, ఆకుపచ్చ బాణము లోతుగను, నీలి బాణము ఎత్తుగను పోవు దిశలను తెలుపును. ఈ రంగులు దిశలకు గుర్తులే గాని బొమ్మలోని రంగులు కావు. తుది చిత్రములో ఇవి ముద్రింపబడవు. కొత్తగా నేర్చువారు తమ పెండ్లి వీడియోలో ఈ గీతలు వచ్చునేమోనని భయపడుదురు. ఆ భయము వలదు.

అయితే మన సీమలో ఒక చిక్కు కలదు. వరిచేను, కొబ్బరితోట, అరటిబోదెల పందిరి వెనుక నున్న దృశ్యముపై ఆకుపచ్చ గీత కంటికి ఆనదు. కనబడని పిడిని వెదకుచు పొరపాటున మరియొక దానిని లాగుట జరుగును. ఇందుకు బొమ్మ రంగును మార్చనక్కరలేదు. సాఫ్ట్‌వేర్‌లోని ప్రిఫరెన్సెస్ భాగమున పిడుల రంగులను మార్చుకొను వీలు కలదు. బ్లెండర్‌లో దీనికి థీమ్స్ అను పుట ఉన్నది. పచ్చని దృశ్యములతో పనిచేయువారు ఆ గీతను గులాబీ వంటి ప్రత్యేకమైన రంగునకు మార్చుకొన్నచో పని సులువగును. రంగును పరీక్షించు సమయమున మాత్రము ఈ గీతలన్నింటిని మరుగుపరచి, బొమ్మ నొక్కదానినే చూడవలెను.

ముందు గది, పిమ్మట తెర

ఫ్రాన్సు దేశమున గోబెలిన్ నేత కర్మాగారములో అద్దకపు శాఖకు అధికారిగా నుండిన షెవ్రెయిల్ అను రసాయన శాస్త్రజ్ఞునకు, నల్లరంగు సరిగా పట్టుటలేదని ఫిర్యాదు వచ్చెను. పరీక్షింపగా రంగులో దోషము లేదని తేలెను. పక్కన నేసిన రంగుల వలన ఆ నలుపు వెలవెలపోయినట్లు కంటికి తోచుచుండెను. ఈ సంగతిని ఆయన 1839 లో ఒక పెద్ద గ్రంథముగా ప్రకటించెను. ఉప్పాడ చీర అంచును మార్చి చూచినవారికి ఇది కొత్త సంగతి కాదు. ఒకే బూడిద రంగు ముక్క ఆకుపచ్చ పక్కన ఎర్రబారినట్లును, ఎరుపు పక్కన పచ్చబారినట్లును తోచును.

కావున రంగులు దిద్దువాని గది గోడలు ముదురు రంగులతో ఉండరాదు. బూడిద లేక మాసిన తెలుపు మేలు. కిటికీలోనుండి కొబ్బరాకుల నీడతో వచ్చు పచ్చని వెలుగు తెరపై పడకుండ తెర దించవలెను. తెర వెలుగును గంట గంటకు మార్చరాదు. రాత్రివేళ తెరను పసుపుగా మార్చు సౌకర్యము ఫోనులలోను కంప్యూటర్లలోను ఉండును. రంగుల పని చేయునపుడు దానిని తప్పక ఆపివేయవలెను. దీనిని మరచి పనిచేసినచో, తెల్లవారి చూచినపుడు బొమ్మలన్నియు నీలముగా కనబడును.

తెరలన్నియు ఒకే తీరున రంగును చూపుటకు ఎస్.ఆర్.జి.బి. అను ప్రమాణము 1996 లో రూపొందెను. తెరను ఆ ప్రమాణములో ఉంచుట మంచిది. బ్లెండర్‌లో కలర్ మేనేజ్‌మెంట్ అను భాగము కలదు. కంప్యూటరుపై పుట్టించిన త్రిమితి దృశ్యములకు అందులోని ఫిల్మిక్, ఏజీఎక్స్ అను పద్ధతులు అనుకూలములు. ఫోనుతోనో సాధారణ కెమెరాతోనో తీసిన వీడియోను అదే పద్ధతిలో చూచినచో రంగులు వెలిసినట్లుండును. అప్పుడు స్టాండర్డ్ అను పద్ధతిని ఎన్నుకొనవలెను. చాలమంది ఈ ఒక్క మీట తెలియక, వెలిసిన రంగును మరల పెంచుటకు గంటలకొలది శ్రమపడుదురు.

మూడు చక్రములు, మూడు కొలమానములు

రంగుల భాగమును తెరచినచో సామాన్యముగా మూడు చక్రములు కనబడును. లిఫ్ట్ అనునది బొమ్మలోని చీకటి భాగములపైనను, గామా నడిమి వెలుగులపైనను, గెయిన్ మిక్కిలి ప్రకాశముగల భాగములపైనను ముఖ్యముగా పనిచేయును. చక్రములోని చుక్కను ఏ రంగువైపు లాగినచో ఆ రంగు హెచ్చును. దాని ఎదుటి రంగు తగ్గును. చుక్క నడుమ నున్నంతవరకు మార్పు లేదు.

ఈ చక్రములను త్రిప్పునపుడు కన్ను ఒక్కటియే చాలదు. ఆకు రంగు పట్టిక వంటి కొలమానములు సాఫ్ట్‌వేర్‌లోనే కలవు. హిస్టోగ్రామ్ అనునది ఎంత చీకటి, ఎంత వెలుగు ఉన్నదో కుప్పలుగా చూపును. వేవ్‌ఫారం అనునది బొమ్మలో ఎడమనుండి కుడికి ఎచట ఎంత వెలుగున్నదో ఎత్తులతో చూపును. అడుగున నలుపు, పైన తెలుపు. వెక్టర్‌స్కోప్ అనునది గుండ్రని పటము. నడుమ బూడిద రంగు ఉండును, అంచునకు పోయినకొలది రంగు చిక్కబడును.

ఒక ఉదాహరణము తీసికొందము. అమలాపురము ప్రాంతమున ఒక గ్రామములో రాత్రి ముహూర్తమున పెండ్లి జరుగుచున్నది. పందిటిలో పాత బల్బుల పసుపు వెలుగు ఒకవైపు, ఎల్.ఇ.డి. దీపముల తెల్లని వెలుగు మరియొకవైపు పడుచున్నవి. పాత బల్బు వెలుగు సుమారు 2,700 కెల్విన్లు, పగటి వెలుగు 5,500 నుండి 6,500 కెల్విన్లు. కెమెరా తనంతట తాను తెలుపును వెదకుచు క్షణక్షణమునకు రంగు మార్చుచుండును. మొదట కెమెరాలో ఆ స్వయంచాలక పద్ధతిని ఆపి, ఒకే అంకెపై నిలుపవలెను.

పిమ్మట కంప్యూటరుపై తెలుపును సరిచేయవలెను. నిపుణులు 18 శాతము వెలుగును తిరుగగొట్టు బూడిద అట్టను దృశ్యమున ఉంచి కొంత చిత్రించుకొందురు. అట్ట లేనివారికి మన పెండ్లిలోనే ఒక సాక్షి కలదు. అదియే మధుపర్కము. పసుపు అంటని చోట ఆ తెల్లని బట్టపై చూపు నిలుపవలెను. ఎరుపు, ఆకుపచ్చ, నీలములను వేరువేరుగా చూపు వేవ్‌ఫారంలో ఆ బట్టకు చెందిన మూడు ఎత్తులును సమానముగా ఉండవలెను. నీలము తగ్గియున్నచో బొమ్మ పసుపుబారినదని అర్థము. అప్పుడు గెయిన్ చక్రమును కొంచెము నీలమువైపు జరుపవలెను. బట్ట వెలుగు పైగీతకు దగ్గరగా ఉండవచ్చును గాని దానిని తాకి అణగిపోరాదు. అట్లు అణగిపోయిన చోట నేత పోగులు, మడతలు మాసిపోవును. ఒకసారి పోయినవి ఏ మీటతోను తిరిగిరావు.

పని వరుస ఇట్లుండవలెను: మొదట వెలుగు చీకటుల కొలత, తరువాత తెలుపు, ఆ తరువాత చర్మపు రంగు, చివరకు అలంకారము. ఈ వరుస తలక్రిందులైనచో చేసినపని మరల చేయవలసివచ్చును. మూలచిత్రమును ఎన్నడును చెరపరాదు. దిద్దుబాటు ప్రతిని వేరుగా దాచుకొనవలెను.

గ్రీన్ మ్యాటా, బ్లూ మ్యాటా?

మనుష్యుని ఒకచోట చిత్రించి, వెనుక మరియొక దృశ్యమును చేర్చుటకు గ్రీన్ మ్యాట్ వాడుదురు. కెమెరాలోని పటలమున నాలుగు గడులకు రెండు ఆకుపచ్చవి, ఒకటి ఎరుపు, ఒకటి నీలము ఉండుట వాడుక. అందువలన ఆకుపచ్చ రంగు శుభ్రముగా నమోదగును. కాని పెండ్లికూతురు చిలకపచ్చ పట్టుచీర కట్టినచో, తెరతోపాటు చీర అంచును మాయమై, దాని గుండ వెనుక దృశ్యము కనబడును. మామిడి తోరణము, అరటాకు, తమలపాకులు దృశ్యమున నున్నను అదే ప్రమాదము. అట్టిచోట నీలిబట్ట మేలు. దానికి దీపముల వెలుగు కొంత ఎక్కువ కావలెను. మనిషికిని బట్టకును నడుమ ఆరేడు అడుగుల ఎడముండవలెను. లేనియెడల బట్ట రంగు భుజములపై ప్రతిఫలించును. ఆ ఛాయను తొలగించుటకు డిస్పిల్ అను మీట కలదు గాని, దానిని అతిగా వాడినచో ముఖము పాలిపోవును. తొలగింపు సరిగా జరిగినదో లేదో తెలియుటకు నలుపు తెలుపుల మ్యాట్ దృశ్యమును చూడవలెను. బట్ట పూర్తిగా నల్లగను, మనిషి పూర్తిగా తెల్లగను ఉన్నచో సరి.

దిద్దుట వేరు, మార్చుట వేరు

సాధనము వచ్చినంతనే వివేకము రాదు. 2000 లో వచ్చిన 'ఓ బ్రదర్, వేర్ ఆర్ట్ థౌ?' అను అమెరికా చిత్రమునకు మొదటినుండి తుదివరకు కంప్యూటరుపైననే రంగులు దిద్దిరి. వేసవి పచ్చదనమును ఎండిన పసుపుగా మార్చిరి. మన 'మాయాబజార్' 1957 లో నలుపు తెలుపులలో వచ్చినది. 2010 లో దానిని రంగులలో విడుదల చేసిరి. కథాచిత్రమున ఇది కళ. ప్రేక్షకుడు కథ చూడవచ్చెనేగాని సాక్ష్యము కొరకు రాలేదు.

పంట చిత్రము సంగతి వేరు. ఆకు పసుపుబారినదని రైతు ఫోనులో చిత్రము తీసి వ్యవసాయాధికారికి పంపునపుడు, రంగును అందముగా చూపు మీట పనిచేయుచున్నచో, పసుపు ఆకు పచ్చగా కనబడును. ఆ చిత్రమును నమ్మి సలహా ఇచ్చినచో పైరు నష్టపడును. ఇట్టి చిత్రములకు దిద్దుబాటు ఏమియు చేయరాదు. ఆకు పక్కన తెల్ల కాగితము నుంచి, నీడలో తీసి, ఉన్నదున్నట్లు పంపవలెను.

పెండ్లి చిత్రమును ఈ రెండవ కోవకే చేరును. వధువును తెల్లగా చూపుమని అడుగువారు కలరు. అడుగకున్నను తెల్లగా చేయువారు అంతకంటె ఎక్కువ. వెక్టర్‌స్కోప్ ఇచట ఒక గొప్ప సత్యమును చూపును. ఎరుపునకు పసుపునకు నడుమ ఒక గీత కలదు. చామనఛాయ వారిదైనను, నలుపు వారిదైనను, ఎరుపు వారిదైనను, ఏ దేశము వారిదైనను, మనుష్యుల చర్మపు రంగు ఆ గీత చెంతనే పడును. తేడా ప్రధానముగా వెలుగు హెచ్చుతగ్గులలోనే ఉన్నది. ముఖము ఆ గీతకు దూరముగా పోయినచో దీపము దోషమనియో కెమెరా దోషమనియో గ్రహించి దిద్దవలెను. గీతపై నున్నచో దిద్దవలసినది ఏమియు లేదు. నల్లని పిల్లను తెల్లగా చేయుట దిద్దుబాటు కాదు, ఆ పిల్లను చిత్రమునుండి తొలగించుటయే.

ఇరువది యేండ్ల తరువాత ఆ యింట అమ్మమ్మ లేకపోవచ్చును, పాత పెంకుటిల్లు లేకపోవచ్చును. ఆ చిత్రమొక్కటియే మిగులును. పిల్లలు దానిని చూచి, తల్లి ఎట్లుండెడిదో, అమ్మమ్మ ముఖమున ఏ ఛాయ ఉండెడిదో తెలిసికొందురు. రంగులు దిద్దువాడు ఆ కుటుంబమునకు లేఖకుని వంటివాడు. దస్తావేజులో లేనిమాట చేర్చు లేఖకుని ఎవరు నమ్ముదురు?

నేర్చువారికి ఒక అభ్యాసము

ఈ విద్య నేర్వగోరువారు ముందుగా ఇంటివద్దనే ఒక చిన్న పరీక్ష చేయవచ్చును. తెల్ల కాగితము, బొగ్గు, పసుపుకొమ్ము, తమలపాకు, కుంకుమ ఒక పళ్లెములో నుంచి, పక్కన మన చేతిని పెట్టి, మూడుచోట్ల చిత్రింపవలెను: ఉదయమున నీడలో ఒకసారి, మధ్యాహ్నము ఎండలో ఒకసారి, రాత్రి బల్బు క్రింద ఒకసారి. మూటిని కంప్యూటరుపై ప్రక్కప్రక్కన ఉంచి, కొలమానములను చూచుచు, మూడును ఒకే పూట తీసినట్లు కనబడువరకు చక్రములను జరుపవలెను. కన్ను అలసినపుడు కొంతసేపు బయటకు పోయి దూరముగా చూచి రావలెను. పని ముగిసిన పిదప అసలు పళ్లెమును తెచ్చి, పగటి వెలుగున తెర పక్కన పెట్టి పోల్చవలెను.

పదిమార్లు ఈ పరీక్ష చేసినవానికి ఏ సాఫ్ట్‌వేర్ వచ్చినను భయము లేదు. మీటల పేర్లు మారును, పిడుల స్థానములు మారును. తెలుపు తెలుపుగా, తమలపాకు తమలపాకుగా, మనిషి మనిషిగా కనబడవలెనను నియమము మారదు.